ఫ్రేమ్ మార్చే ముందు ఒక్కసారి షాక్ విప్పి చూడండి

"అన్నా, ఫ్రేమ్ మార్చేద్దామనుకుంటున్నా. బండి ముందులా లేదు."

ఆదివారం పొద్దున్నే బెంగళూరు అవలహళ్లి అడవి దగ్గర కారులోంచి సైకిళ్లు దించుకునేటప్పుడు ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బెళ్లందూరు, మారతహళ్లి నుంచి వచ్చే మనవాళ్లు చాలామంది నాలుగైదేళ్ల క్రితం ముచ్చటపడి కొన్న ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లే (ముందూ వెనకా కుదుపు తట్టుకునేవి) తొక్కుతున్నారు. ఆ ఫ్రేమ్ మీద ఇష్టం పోలేదు, సైకిలే మొరాయిస్తోంది. నేను ముందు అడిగేది ఒక్కటే: షాక్ (వెనక కుదుపు మింగే భాగం) విప్పి స్వింగార్మ్‌ను (వెనక చక్రాన్ని మోస్తూ పైకీ కిందికీ కదిలే ఫ్రేమ్ భాగాన్ని) చేత్తో కదిపి చూశావా? చూశానన్నవాళ్లు నాకు ఇద్దరే తగిలారు. మిగతావాళ్లంతా అప్పటికే కొత్త ఫ్రేమ్ రంగు దాకా వెళ్లిపోయి ఉంటారు.

గేర్లు సర్దడం, చక్రం విప్పడం, షాక్ పంపు వాడటం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

లక్షణం: ఎక్కుడులో బరువు, దిగుడులో ఎగురుడు

మొదట టైర్లలో గాలి చూడండి. 70 కిలోల మనిషి 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్ల మీద వెళ్తుంటే 22 నుంచి 26 పీఎస్ఐ చాలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద తేలిగ్గా సాగుతుందని 40 కొట్టి, అదే గాలితో తురహళ్లి రాళ్ల మీదికి వెళ్తే ఏ ఫ్రేమయినా ఎగురుతుంది. తర్వాత చక్రం పైకెత్తి తిప్పండి. బ్రేక్ ప్యాడ్ రాసుకుంటోందేమో తెలిసిపోతుంది.

మూడోది సాగ్, అంటే మీరు కూర్చోగానే షాక్ ఎంత దిగుతుందన్నది. బ్యాగు, నీళ్లు, హెల్మెట్‌తో సహా కూర్చుని చూడాలి. షాక్ స్ట్రోక్, అంటే అది దిగగలిగిన మొత్తం దూరం, 50 మిల్లీమీటర్లయితే షాక్ కడ్డీ మీది రబ్బరు రింగు సుమారు 15 దగ్గర ఆగాలి, అంటే 30 శాతం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కు 15 నుంచి 20 శాతం. కొన్నప్పటికీ ఇప్పటికీ మీ బరువు మారి ఉంటే గాలి కూడా మారాలి.

ఫోర్క్ కింది కాళ్లలో ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ 50 గంటలు తొక్కాక ఒకసారి మార్చమంటుంది. వారానికి నాలుగు గంటలు తొక్కేవాళ్లకు అది మూడు నెలలు.

లక్షణం: షాక్ బాగానే ఉంది, అయినా చిన్న గతుకు కూడా నడుముకు తగులుతోంది

గాలి సరిచేశారు, షాక్ సర్వీస్ చేయించారు, అయినా వెనక భాగం చెక్కలా ఉంది. పెద్ద రాయి తగిలితే షాక్ దిగుతుంది. చెట్ల వేళ్లు, చిన్న రాళ్లు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు తెలుస్తాయి. "ఫ్రేమ్ డిజైన్ పాతది, కొత్తవాటిలో ఇలా ఉండదు" అన్న మాట ఇక్కడే పుడుతుంది. నేనూ అలాగే నమ్మాను.

నా పాత ఫ్రేమ్‌కు ఐదో ఏడు నడుస్తున్నప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. షాపులో చూపిస్తే షాక్ సర్వీస్ చేసి, పివట్ల (స్వింగార్మ్ కదిలే కీళ్ల) బోల్టులు బిగించి పంపారు. వారం బాగుంది, మళ్లీ మామూలే. చివరికి కొత్త ఫ్రేమ్ కొన్నాను. పాతది ఆఫీసులో హిందూపురం తమ్ముడికి తక్కువకే ఇచ్చేశాను. అతను దాన్ని పూర్తిగా విప్పి, బేరింగులన్నీ మార్చి, నెల తర్వాత ఒక రౌండ్ తొక్కమని నా చేతికిచ్చాడు. మొదటి రాళ్ల వరుస దాటగానే తెలిసిపోయింది, ఇది నేను కొన్న రోజున ఉన్న సైకిల్. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా మనసు బాగోలేదు. అందుకే ఈ ఒక్క సంగతి ఇంత వివరంగా చెబుతున్నాను.

కారణం ఇది. చక్రం మధ్యలోని హబ్‌లో బేరింగ్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, గ్రీజు అంతటా పాకుతుంది. పివట్ బేరింగ్ అలా తిరగదు. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. బాల్స్ ఎప్పుడూ రేసులో (అవి తిరిగే రింగులో) అదే చోట కూర్చుని అదే బరువు మోస్తాయి. ఆ చోట గ్రీజు పక్కకు జరిగిపోయి సన్నటి గుంటలు పడతాయి. దానికి తోడు మనం ఎర్రమట్టి సైకిల్‌ను తిన్నగా కారు వాష్ సెంటర్‌కు తీసుకెళ్లి జెట్‌తో కడిగిస్తాం. ఆ నీరు సీలు దాటి లోపలికి పోతుంది, పోయింది బయటికి రాదు. ఏడాది తిరిగేసరికి లోపల తుప్పు. బేరింగ్ లూజు కాకుండా పట్టేస్తే అటూ ఇటూ ఊపి చూసినా ఏమీ తెలియదు. అందుకే ఇది ఇంతమందిని మోసం చేస్తుంది. షాక్ బిగించి ఉన్నంతసేపూ దాని బలమే చేతికి తగులుతుంది, దాని వెనక కీలు బిగుసుకుపోయిన సంగతి దాగిపోతుంది.

పరీక్షకు ఇరవై నిమిషాలు చాలు. సైకిల్‌ను స్టాండుకు తగిలించి వెనక చక్రం తీసేయండి. చక్రం ఉంటే దాని బరువే బిగుతును దాచేస్తుంది. స్వింగార్మ్ కింద ఒక చెయ్యి పెట్టి, షాక్‌కు ఒకవైపు బోల్టు తీసి, షాక్‌ను పక్కకు తప్పించండి. సీట్ ట్యూబ్‌కు తగలకుండా గుడ్డ చుట్టండి. ఇప్పుడు స్వింగార్మ్‌ను రెండు వేళ్లతో పైదాకా ఎత్తి వదలండి. ఆరోగ్యంగా ఉన్న ఫ్రేమ్‌లో అది చప్పుడు లేకుండా, మెత్తగా కిందికి జారిపోతుంది. పాడైనదాంట్లో వదిలినచోటే నిలబడిపోతుంది. లేదా దిగుతూ దిగుతూ ఒకచోట తట్టుకుని ఆగుతుంది. వేళ్లకు ఇసుక నలిగినట్టు గరగర తెలుస్తుంది. నా ఫ్రేమ్ అప్పుడు సగంలో గాలిలో ఆగిపోయి ఉండేదని ఇప్పుడు కచ్చితంగా చెప్పగలను.

ఒక జాగ్రత్త. కొన్ని క్రాస్ కంట్రీ ఫ్రేముల్లో వెనక పివట్ ఉండదు, గొట్టాలే స్ప్రింగులా వంగుతాయి. అవి ఎలాగూ పూర్తిగా కిందికి జారవు. వాటిలో ఆగిందా అని కాకుండా, గరగర ఉందా అని చూడండి.

తీసిన షాక్ చేతిలో ఉండగానే దాని రెండు చివర్ల బుష్‌లు (బోల్టు దూరే చిన్న గొట్టాలు) కూడా చూడండి. బోల్టు దూర్చి ఊపితే టక్కుటక్కుమంటే బుష్ అరిగిందని. అది చవకైన భాగం, మార్చేయండి.

ఇక బాగుచేయడం. ప్రతి కీలు విప్పేముందు ఫొటో తీయండి, వాషర్ల వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. బేరింగ్ అంచున నంబర్ ఉంటుంది. 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మిల్లీమీటర్లు. 6802 అయితే 15, 24, 5. పక్కన 2ఆర్ఎస్ ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు. ఆ నంబర్లు రాసుకుని ఎస్‌జేపీ రోడ్డు బేరింగ్ షాపుల్లో అడగండి. దొరికితే మ్యాక్స్ రకం తీసుకోండి. అందులో బాల్స్‌ను ఎడంగా పట్టి ఉంచే కేజ్ ఉండదు, ఆ చోటంతా బాల్సే కాబట్టి పివట్ బరువు బాగా మోస్తుంది. దొరక్కపోతే మామూలువి వేసినా కొంతకాలం నడుస్తాయి. ఒకటి పాడైతే అన్నీ మార్చండి. విప్పే శ్రమ అంతా ఒకటే కదా.

సుత్తి మాత్రం పట్టకండి. పొడవాటి బోల్టు, నట్టు, సరైన కొలత వాషర్లతో నెమ్మదిగా లాగాలి. ఒత్తిడి బయటి రేసు మీదే పడాలి. లోపలి రేసు మీద నొక్కితే కొత్త బేరింగ్ అప్పుడే పాడవుతుంది. ఎక్కించేముందు సూదితో సీలు లేపి గ్రీజు నింపండి. బోల్టులకు అవి వదులవకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు వేసి, ఫ్రేమ్ కంపెనీ చెప్పిన టార్క్‌కే, అంటే అంత బిగువుకే, బిగించండి. ఆ తర్వాత బకెట్ నీళ్లు, గుడ్డ. జెట్ జోలికి వెళ్లకండి.

లక్షణం: కిర్రుమనే శబ్దం

పెడళ్లు విప్పి గ్రీజు రాసి బిగించండి. సీటు పట్టాలు, సీట్ పోస్ట్, వెనక యాక్సిల్, గేర్ హ్యాంగర్ వరుసగా తుడిచి బిగించండి. చాలావరకు ఇక్కడే పోతుంది. పోకపోతే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) చూడండి.

అప్పటికీ పోకపోతే ఫ్రేమ్‌ను కడిగి, హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే గొట్టం) కింద, సీట్ ట్యూబ్ పైభాగంలో, పివట్ వెల్డింగుల దగ్గర టార్చ్ వేసి చూడండి. సన్నటి గీత కనిపిస్తే గోరుతో అడ్డంగా గీకండి. గోరు తట్టుకుంటే, లేదా గీత వెల్డింగ్ దాటి లోహంలోకి వెళ్లి ఉంటే, తొక్కడం ఆపేయండి. వారంటీ ఉంటే అడగండి. వీధి చివర ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తానంటే నేను ఒప్పుకోను. 6061 రకం అల్యూమినియం వెల్డింగ్ వేడికి బలం కోల్పోతుంది, మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేగాని అది తిరిగిరాదు. ఈ ఒక్క సందర్భంలో ఫ్రేమ్ మీద ఇష్టాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఫ్రేమ్ వంకరపోవడం, హెడ్‌సెట్ గూడు సాగిపోవడం లాంటివి చాలా అరుదు. పెద్ద దెబ్బ తగలకపోతే వాటి గురించి టెన్షన్ పడొద్దు.

లక్షణం: సైకిల్ నాకు సరిపోవట్లేదు

ఇది నిజంగా ఫ్రేమ్ సంగతి కావచ్చు. ఎక్కుడులో ముందు చక్రం లేస్తుంటే సీటును పట్టాల మీద ఒక సెంటీమీటర్ ముందుకు జరపండి. దిగుడులో ముందుకు పడిపోతానన్న భయం ఉంటే 70 మిల్లీమీటర్ల స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) బదులు 50ది వేసి చూడండి. సీటును పట్టాల మీద వెనక చివరిదాకా జరిపి, పొడవాటి స్టెమ్ వేసి, అప్పటికీ మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతుంటే ఫ్రేమ్ మీకు చిన్నదే. మార్చండి, మీరు సరైన కారణంతోనే మారుస్తున్నారు.

అయితే ఫ్రేమ్ ఒక్కటే మారదు. మీ వెనక హబ్ 142 మిల్లీమీటర్లదైతే, బూస్ట్ అనే 148 వెడల్పు ఫ్రేమ్‌లో సరిగ్గా కూర్చోదు. సీట్ పోస్ట్ 30.9దైతే 31.6 గొట్టంలో వదులుగా ఉంటుంది. పాత ఫ్రేమ్ షాక్ కొత్తదానికి సరిపోతుందని అసలు అనుకోకండి. స్టీరర్ ట్యూబ్ (ఫోర్క్ పైగొట్టం) తిన్ననిదా, కింద లావుదా, బాటమ్ బ్రాకెట్ మరదా, నొక్కుడుదా అన్నదీ చూసుకోవాలి. డబ్బు కట్టకముందే మీ సైకిల్ మీద కొలతలు తీసి, కొత్త ఫ్రేమ్ పేజీలోని అంకెల పక్కన రాసుకోండి. మూడు చోట్ల తేడా వస్తే మీరు లెక్కేసుకున్నది ఫ్రేమ్ ఖర్చు ఒక్కటే. చక్రం, షాక్, సీట్ పోస్ట్ కూడా కలిపి చూసుకోండి. ఆ పాత ఫ్రేమ్‌ను మాత్రం బేరింగులు మార్చి ఒక నెల తొక్కేదాకా ఎవరికీ ఇవ్వకండి.