స్టిక్కర్ మీద రెండు గడులూ చూడండి

బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని యూరప్ తిరగడానికి బయల్దేరే మన పిల్లలకి ఒక మాట. షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఆ వీసా స్టిక్కర్ మీద ఆఖరి తేదీ ఒక చోట, ఉండదగ్గ రోజులు ఇంకో చోట ఉంటాయి. వీసా ఆరు నెలలదైనా, ఆ రెండో గడిలో 30 అని ఉంటే ముప్పయ్యే. ఎంత పెద్ద వీసా అయినా ఏ 180 రోజుల్లోనూ 90 దాటకూడదు. అక్కడున్న ప్రతి రోజూ, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టుకోవాలి. రాత్రి పదకొండున్నరకి దిగినా ఆ రోజు పోయినట్టే, తిరిగొచ్చే రోజూ అంతే.

క్రొయేషియాలో కూర్చుంటే రోజులు ఖర్చుకావని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. వినకండి, 2023లోనే అదీ షెంజెన్‌లో కలిసిపోయింది. 2025 అక్టోబరు నుంచి రాకపోకలు వేలిముద్రలతో కంప్యూటర్‌కెక్కించడం మొదలెట్టారు. స్టాంపు మసగ్గా పడిందంటే నడిచే రోజులు కావివి.

అన్నట్టు, టూరిస్టులు దిగే హాస్టల్లో దుప్పట్లు మార్చి, దానికి బదులు అద్దె లేకుండా మంచం తీసుకోవడం కూడా చాలా దేశాల్లో పని కిందే లెక్క. టూరిస్టు వీసాతో ఒప్పుకోవద్దు. ఇక్కడి కంపెనీ పనే అక్కడ కూర్చుని నెలల తరబడి చేయాలనుకుంటే స్పెయిన్, పోర్చుగల్ వేరే వీసా ఇస్తున్నాయి. టికెట్ కొనక ముందే దాని సంగతి చూసుకోండి.