విశాఖ నుంచి అరకు మీదుగా లంబసింగి: విరాళాల కోసం ఐదు రోజుల సైకిల్ ట్రిప్పు ఎలా నడపాలి

పదిమందీ కలిసి ఒక మంచి పని కోసం కొండల్లో సైకిల్ తొక్కుదాం అనుకోగానే జెర్సీలు, బ్యానరు, రూటు మ్యాపు గుర్తొస్తాయి. అవన్నీ తర్వాత. మొదట కూర్చుని తేల్చుకోవాల్సింది డబ్బు సంగతి, ఎందుకంటే ఘాట్ రోడ్డు మీద జారిపడితే మోకాలు మానుతుంది గానీ విరాళాల లెక్క అడిగినప్పుడు నీళ్లు నమలాల్సి వస్తే ఆ మచ్చ పోదు.

నేను గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒక్కటే. ట్రిప్పు ఖర్చు వేరు, విరాళం వేరు. రూములు, తిండి, వెనక వచ్చే బండి, డ్రైవరు బత్తా, మెకానిక్కు కూలి అన్నీ కూడి, మీద పది శాతం వేసి, తొక్కేవాళ్లే తలా ఇంత అని పంచుకోవాలి. ఊళ్లోవాళ్లు, బంధువులు, ఆఫీసువాళ్లు ఇచ్చే ప్రతి రూపాయీ నేరుగా ఆ మంచి పని చేసే ట్రస్టు బ్యాంకు ఖాతాకే వెళ్లాలి, నిర్వాహకుడి ఫోన్‌పే నంబరుకి అస్సలు కాదు. "ముందు నాకు పంపండి, అన్నీ కలిపి నేను కట్టేస్తా" అనేవాడు ఎంత నిజాయితీపరుడైనా సరే, ఆ దారి వద్దు.

ట్రస్టును ఎంచుకునేటప్పుడు 80జీ రిజిస్ట్రేషన్ (ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు దొరికేది) ఉందో లేదో కాగితం చూసి తెలుసుకోండి. ఇచ్చేవాళ్లకి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి: రెండు వేలు దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఎలా ఇచ్చినా ఈ మినహాయింపు లేదు. ఇక మన ఇళ్లలో అందరికీ ఉండే అమెరికా బంధువుల సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అదే అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే అవుతుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థ మాత్రమే తీసుకోవాలి. డాలస్‌లో ఉన్న బావగారు ప్రేమగా పంపిన డబ్బు ట్రస్టుకి చిక్కు తెచ్చిపెట్టకుండా ఈ ఒక్క ముక్క ముందే అందరికీ చెప్పేయండి.

దేనికోసం తొక్కుతున్నాం అన్నది కూడా దారికి సంబంధించినదైతే బాగుంటుందని నా నమ్మకం. మేము సికిల్ సెల్ ఉన్న పిల్లల కోసం తొక్కాం. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే ఈ వంశపారంపర్య జబ్బు పాడేరు ఏజెన్సీలోని గిరిజన కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒళ్లంతా నొప్పులతో ఉన్న పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఇవే ఘాట్ మలుపులు దిగి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే తల్లులు ఉన్నారు. ఆ మలుపుల్లో మన సొంత కాళ్లతో ఒకసారి ఎక్కితే, విరాళం అడిగేటప్పుడు మాట దానంతటదే వస్తుంది, ఎవరూ రాసివ్వక్కర్లేదు.

కాలం: నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడతాయి, అక్టోబరు తుఫాన్ల నెల (2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఎలా అయిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు). శని ఆదివారాల్లో మాత్రం ఘాట్ ఎక్కకండి, చలికాలంలో ఆ రెండు రోజులూ కార్లు, టూరిస్టు బస్సులు బారులు తీరి ఉంటాయి. అందుకే ఆదివారం పొద్దున్నే విశాఖలో బయల్దేరి, సోమవారం ఘాట్ ఎక్కేలా పెట్టుకోండి. సెలవులు నాలుగు పోతాయి, పోనివ్వండి.

మొదటి రోజు పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట), అరవై కిలోమీటర్లలోపే, దాదాపు చదును. ఇదేం కష్టం అని ఊపులో అరకు దాకా పోదామనేవాళ్లు ప్రతి గుంపులో ఉంటారు, ఆపండి. విశాఖ నుంచి అరకు నూటపదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది, బాగా అలవాటున్నవాళ్లు ఒక్క రోజులో ఎక్కేస్తారు, గుంపు ఎక్కదు. ఎస్.కోటలో పడుకుని రెండో రోజు తెల్లవారగానే మొదలుపెడితే టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా సాయంత్రానికి అరకు చేరతారు. అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, కానీ మీరు ఎక్కేది అంతకంటే ఎక్కువ, ఎందుకంటే గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా పైకి వెళ్లి, తర్వాత లోయలోకి దిగుతుంది. గాలికొండ దాటాక "ఇక అయిపోయింది" అనిపించే దిగుడు వస్తుంది, మళ్లీ చిన్న చిన్న ఎక్కుళ్లు ఉంటాయి, ఆ సంగతి ముందే చెప్పకపోతే అలసిన మనిషి మనసు అక్కడే విరిగిపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట, వికారాబాద్ అనంతగిరి వేరు, ఇది వేరు. అక్కడ ఎక్కేశాను కదా అని దీన్ని లెక్కగట్టుకోవద్దు.

మూడో రోజు డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరు, నలభై అయిదు కిలోమీటర్ల వరకు. నాలుగో రోజు పాడేరు నుంచి జి.మాడుగుల వైపుగా లంబసింగి. ఐదో రోజు లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం, అక్కడితో ఆపేసి సైకిళ్లు వ్యానులో ఎక్కించండి. అనకాపల్లి మీదుగా విశాఖ దాకా తొక్కొచ్చు గానీ, ఐదు రోజులు అలిసిన కాళ్లతో హైవే మీద లారీల పక్కన తొక్కడంలో నాకు ఏ ప్రయోజనం కనిపించలేదు. ఈ కొండదారి చాలావరకు 516ఇ జాతీయ రహదారి. దాన్ని వెడల్పు చేసే పని జరిగిన చోట్ల కంకర, దుమ్ము తగలొచ్చు, కాబట్టి వెళ్లే వారం ముందు ఒకరు బండి మీద వెళ్లి చూసి రావడం తప్పనిసరి అనుకోండి.

మధ్యలో ఎవరికైనా బాగోకపోతే దిగిపోయే దారులు రెండు ముందే అనుకుని ఉంచండి. అరకులో అయితే రైలు ఉంది, కిరండూల్ లైను మీద విశాఖ వచ్చేయొచ్చు. పాడేరులో అయితే ఘాట్ దిగి మాడుగుల, చోడవరం మీదుగా అనకాపల్లి (దిగేవాళ్లు మాడుగుల హల్వా పట్టుకెళ్తే ఇంట్లోవాళ్లు కాస్త ఊరుకుంటారు). ఆగిపోవడం తప్పు కాదని బయల్దేరకముందే అందరి ముందు చెప్పాలి. విరాళాలు ఇచ్చినవాళ్లు మీ కిలోమీటర్లు లెక్కపెట్టరు.

తయారీకి ఎనిమిది వారాలు పెట్టుకోండి. వారానికి మూడు సార్లు తొక్కడం, అందులో ఒకటి పొడుగ్గా. విశాఖవాళ్లకి కైలాసగిరి, సింహాచలం కొండ ఉన్నాయి, అక్కడ ఎక్కుళ్లు చేయండి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి నెలలో వరసగా రెండు రోజులు అరవై కిలోమీటర్ల చొప్పున తొక్కి చూసుకోవడం, ఎందుకంటే ఒక్క రోజు తొక్కడం ఎవరైనా తొక్కుతారు, మర్నాడు మళ్లీ అదే సీటు మీద కూర్చోవాల్సి వచ్చినప్పుడే మనిషి సంగతీ సీటు సంగతీ తెలుస్తాయి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరుకి చూపించుకుని రావాలి. ప్రతి ఒక్కరి బ్లడ్ గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు ఒక కాగితం మీద రాసి బండిలో ఉంచండి, ఫోన్‌లో కాదు, కొండల్లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

సైకిల్ ఖరీదైనది కానక్కర్లేదు, గేర్లు మాత్రం చూసుకోండి. ముందరి చిన్న పళ్ల చక్రానికీ వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికీ పళ్లు ఇంచుమించు సమానంగా ఉంటే ఘాట్ ఎక్కుతుంది. ముందు ముప్పై నాలుగు, వెనక ఇరవై ఎనిమిది అంటే మాత్రం మోకాళ్లు చెబుతాయి. టైరు వెడల్పు ముప్పై రెండు మిల్లీమీటర్లకి తగ్గొద్దు. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించి, ఇంకో జత బండిలో పెట్టండి. సన్న వాల్వు, అంటే ప్రెస్టా ట్యూబులు వాడేవాళ్లు తలా రెండు తెచ్చుకోవాలి, ఏజెన్సీ పంక్చర్ షాపుల్లో అవి దొరుకుతాయని నమ్ముకోవద్దు.

గుంపు పన్నెండు, పదిహేను మందికి మించకూడదు, దానికి ఒక బొలేరో లాంటి బండి. ముందు ఒకరు, అందరి వెనకా ఒకరు. వెనక ఉండేవాడే ఈ ట్రిప్పుకి అసలు పెద్ద, అందరికంటే బాగా తొక్కగలిగి, అందరికంటే ఓపిక ఉన్న మనిషిని అక్కడ పెట్టండి. ప్రతి జంక్షన్‌లో ముందువాళ్లు ఆగాలి, చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు, చివరి మనిషి వచ్చాక కూడా పది నిమిషాలు ఆగాలి. ఈ ఆఖరి ముక్క చాలామంది మర్చిపోతారు: ముందొచ్చినవాళ్లు అరగంట సేదతీరి ఉంటారు, చివరివాడు రాగానే "పదండి" అంటే అందరికంటే అలిసినవాడికే విశ్రాంతి లేకుండా పోతుంది.

మాతో ఒక రిటైర్డ్ హెడ్ మాస్టారు వచ్చారు. టైడా దాటాక ఒక మలుపులో ఆయన పిక్క పట్టేసింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, బూటు విప్పి, రెండు చేతులా బొటనవేలు వెనక్కి లాక్కుంటున్నారు, కళ్లల్లో నీళ్లు. వెనక ఉన్న కుర్రాడు సైకిల్ పక్కన పెట్టి, సీసాలో ఉప్పు, పంచదార కలిపిన నీళ్లిచ్చి, "మాస్టారూ, తొందరేం లేదండి, సాయంత్రం దాకా టైముంది" అన్నాడు, అంతే, బండి ఎక్కుతారా అని అడగలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఆయనే లేచారు. ఎక్కుడులో మనిషికి కావాల్సింది ఆ మాటే. బండి డ్రైవరుకి కూడా ఇది చెప్పి ఉంచండి: వెనకే ఆనుకుని రావడం, హారన్ కొట్టడం వద్దు, కొంత దూరం ముందుకెళ్లి ఆగడం, అందరూ దాటాక మళ్లీ కదలడం.

తిండి గురించి పెద్దగా కంగారు లేదు. పొద్దున్నే ఇడ్లీ, దారిలో అరటిపండ్లు, ఖర్జూరాలు, పల్లీ ఉండలు, వీలైతే ఒక ఫ్లాస్కులో చోడి (రాగి) అంబలి. ఆకలి వేసేదాకా ఆగకుండా ముప్పావుగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. బొంగులో చికెన్ అరకు చేరాకే.

దిగుడు దగ్గర మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే ఎక్కుడులో అలుపే, దిగుడులోనే దెబ్బలు. బ్రేకులు రెండూ వాడాలి, మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ముగానీ డిస్కుగానీ కాలిపోయేంత వేడెక్కుతుంది, అందుకే గట్టిగా నొక్కి వదులుతూ దిగడం, నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వడం. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య బాగా ఎడం. ఒకరినొకరు దాటడం నిషేధం, ఇందులో మొహమాటం లేదు. హెయిర్‌పిన్ మలుపుల్లో పైకొచ్చే బస్సు మీ వైపు రోడ్డు కూడా తీసుకుంటుంది, కాబట్టి మలుపు కోసి కుడివైపు పోవద్దు. కంకర కనిపిస్తే ముందు చక్రం బ్రేకు ముట్టుకోకండి.

లంబసింగిలో చలి ఇంకో సంగతి. డిసెంబరు, జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దరిదాపుల్లోకి దిగిన రోజులున్నాయి. మా గుంపులో ఒకమ్మాయి పొద్దున్నే మామూలు వేళ్లు లేని గ్లౌజులతో దిగడం మొదలుపెట్టింది, రెండు కిలోమీటర్లకే వేళ్లు మొద్దుబారి బ్రేకు నొక్కలేక, ఎడమ పక్క గడ్డిలోకి పోనిచ్చి ఆపింది. దెబ్బ తగల్లేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాక గానీ వేళ్లు కదల్లేదు. లంబసింగి దిగే రోజు పొద్దున తొమ్మిదికి ముందు బయల్దేరకండి, మంచు విడిచాకే. నిండు వేళ్ల గ్లౌజులు, చొక్కా లోపల ఛాతీ మీద మడిచిన వార్తాపత్రిక, వెనక ఎర్ర లైటు. ఛాతీ మీద పేపరు పెట్టుకోవడం సైకిల్ వాళ్ల పాత కిటుకు, గాలిని బాగా ఆపుతుంది.

ఊళ్లలో నడవడిక గురించి రెండు మాటలు. కాపు దిగే రోజుల్లో రోడ్డు పక్కన, కొన్నిచోట్ల రోడ్డు అంచు మీదే, పంట ఆరబోసి ఉంటుంది, దాని మీదుగా చక్రం పోనివ్వకండి, అది వాళ్ల ఏడాది సంపాదన. పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు విసురుతూ పోవడం, ముక్కూ మొహం తెలియని పిల్లల ఫొటోలు విరాళాల పోస్టుల్లో పెట్టడం వద్దే వద్దు. బడికో హాస్టలుకో వెళ్లాలనుకుంటే హెడ్ మాస్టారి అనుమతి, పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అనుమతి ముందుగానే తీసుకోండి. దారిలో ఉన్న పోలీస్ స్టేషన్లకి కూడా ఎంతమంది, ఏ రోజు ఎక్కడ పడుకుంటారో ఒక కాగితం ఇచ్చి ఉంచితే మంచిది. అనంతగిరి, అరకుల్లో టూరిజం వాళ్ల హరిత రిసార్టులు సీజన్లో తొందరగా నిండిపోతాయి, రెండు నెలల ముందే మాట్లాడుకోండి.

తిరిగొచ్చాక పది రోజుల్లో రెండు కాగితాలు గ్రూపులో పెట్టండి. ఒకటి మనం పంచుకున్న ఖర్చుల లెక్క, మిగిలింది ఎవరికెంత వెనక్కిచ్చారో సహా. రెండోది, మొత్తం ఎంత అందిందో ట్రస్టు రాసిచ్చిన ఉత్తరం. మినహాయింపు కావాల్సిన దాతలకి సర్టిఫికెట్లు ట్రస్టు మే నెలాఖరుకల్లా ఇవ్వాలి, పాన్ నంబర్లు తప్పుపడితే అక్కడే ఆగిపోతాయి, కాబట్టి ఏప్రిల్‌లో ఒకసారి ట్రస్టుకి ఫోన్ చేసి పేర్లన్నీ సరిచూడండి. ఆఖరి దాతకి కూడా సర్టిఫికెట్ అందిందని తెలిశాకే వాట్సాప్ గ్రూపు మూసేయండి.