ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధనకు కొత్తగా వచ్చినవారికి: మొదటి టర్మ్‌లోనే చూసుకోవాల్సినవి

ఆక్స్‌ఫర్డ్‌లో అంతర్జాతీయ అభివృద్ధి విభాగం మాన్స్‌ఫీల్డ్ రోడ్డులో ఉంది. ఆ రోడ్డు ఉత్తరం వైపు వెళ్లి కలిసే సౌత్ పార్క్స్ రోడ్డులోనే బయోకెమిస్ట్రీ విభాగం. ఒకచోట పల్లె కుటుంబాల సర్వేలు, ఇంకోచోట జీవకణాలు. ఇద్దరికీ చెప్పేది ఒకటే: అనుమతి లేకుండా సేకరించిన సమాచారాన్నీ, పుట్టుపూర్వోత్తరాలు తెలియని కణాలనూ తర్వాత ఎంత కష్టపడ్డా సరిచేయలేరు. అందుకని మొదటి టర్మ్‌ను కాగితాల పనికీ, శిక్షణకూ పెట్టండి.

ముందు ఇంటి సంగతులు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దెకు అడ్వాన్స్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. ఇంటి యజమాని దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ పథకంలో నమోదు చేయాలి, ఆ వివరాలు అడిగి తీసుకోండి. పూర్తికాల విద్యార్థులకు కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద వేసే స్థానిక పన్ను) ఉండదు. కానీ ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కరున్నా బిల్లు వస్తుంది. వచ్చిన వారంలోనే దగ్గరి జీపీ (కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు రాయించుకోండి, జ్వరం వచ్చాక వెతుక్కోవద్దు. సైకిల్ కొంటే, చీకట్లో తొక్కేటప్పుడు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టరీత్యా తప్పనిసరి. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు కావాలంటే కౌలీ రోడ్డు కొట్లు చూడండి.

ఇక్కడ పీహెచ్‌డీని డీఫిల్ అంటారు. ఏడాదికి మూడు టర్ములు (మైకెల్మస్, హిలరీ, ట్రినిటీ), ఒక్కోటి ఎనిమిది వారాలు. చేరినప్పుడు మీరు ప్రొబేషనర్ మాత్రమే. సాధారణంగా నాలుగో టర్మ్‌లోపు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ స్టేటస్ (ప్రొబేషనర్ నుంచి డీఫిల్ విద్యార్థిగా మారే పరీక్ష) దాటాలి. మీరు రాసింది ఇద్దరు చదివి, కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. కాలేజీ వేరు, విభాగం వేరు అన్నది చాలామందికి మొదట అర్థం కాదు. గది, భోజనం, బ్యాటెల్స్ అనే బిల్లు, కష్టకాలపు సాయం కాలేజీ చూస్తుంది. గైడు, ల్యాబ్, పరిశోధన అనుమతులు విభాగానివి. ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడిగితే వారాలు గడిచిపోతాయి.

గైడును సర్ అనరు, పేరు పెట్టే పిలుస్తారు. మొదట్లో నోరు రాదు, నెలలో అలవాటవుతుంది. మీరు అడగకపోతే అంతా బాగుందనే అనుకుంటారు. ప్రతి భేటీ తర్వాత ఏం నిర్ణయించారో నాలుగు వాక్యాల్లో మెయిల్ పెట్టండి.

అభివృద్ధి అధ్యయనాలకు వచ్చినవాళ్లు మనుషులతో మాట్లాడే పని ఏదైనా విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదలుపెట్టాలి. పని అయ్యాక వెనకటి తేదీతో అనుమతి ఇవ్వరు. సెలవులకు ఊరెళ్లి, పనిలో పనిగా పది ఇంటర్వ్యూలు చేసుకొస్తే వాటిని థీసిస్‌లో వాడలేరు.

తెలుగువాళ్లకు ఇక్కడ దగ్గరి దారి ఒకటి ఉంది. ఈ విభాగం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను 2002 నుంచి అనుసరిస్తోంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లలో కుటుంబాలున్నాయి. పరిశోధకులు నమోదు చేసుకుని డేటా తీసుకోవచ్చు. అయితే ఎంపికలో పేద ప్రాంతాలకు పెద్దపీట వేశారు కాబట్టి దాన్ని రాష్ట్రం మొత్తం సగటుగా రాయకూడదు. 2013 విడత సర్వే నాటికి ఒకే రాష్ట్రం, 2016 విడత నాటికి రెండు, అదీ గుర్తుంచుకోండి. ఊళ్ల పేర్లు దాచిపెట్టే ఉంటాయి. మన ప్రాంతమే కదా అని ఊరు పోల్చి బయటపెడితే డేటా వాడకపు లైసెన్సును ఉల్లంఘించినట్టే.

మీరే సర్వే చేస్తే భాష తెలిసినవాళ్లకే దొరికే తప్పులున్నాయి. “రెండు రూపాయల వడ్డీ” అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. ఫారంలో 2 శాతం అని ఎక్కితే అప్పుల పట్టిక మొత్తం తలకిందులవుతుంది. భూమి ఆంధ్రలో సెంట్లలో చెబుతారు (ఎకరాకు 100), తెలంగాణలో గుంటల్లో (ఎకరాకు 40). ధాన్యం బస్తా బరువు ప్రాంతాన్ని బట్టి మారుతుంది, అందుకే కిలోలు అడిగి రాయించండి. ఈ తేడాలు ఇక్కడి సహాధ్యాయులకు తెలియవు. ప్రశ్నావళి దశలోనే చెప్పాల్సింది మీరే.

కణాల ల్యాబ్‌లో చేరినవాళ్లు భద్రతా శిక్షణ సంతకం పడేవరకు బెంచీ ముట్టుకోవద్దు. మనిషి రక్తంతో పని ఉంటే హెపటైటిస్ బి టీకా సంగతి ఆక్యుపేషనల్ హెల్త్ (పనిచోటి ఆరోగ్య విభాగం) వాళ్లతో ముందే తేల్చుకోండి. భారత్ నుంచి రక్తం, కణజాలం, మట్టి లాంటివి రెండు దేశాల అనుమతులు లేకుండా సూట్‌కేసులో తేవద్దు.

ఇంకొకరి దగ్గర తీసుకున్న కణాలను ముందు విడి ఇంక్యుబేటర్‌లో ఉంచి మైకోప్లాస్మా (కణాలకు సోకే అతి చిన్న బాక్టీరియా) పరీక్ష చేయించండి. అది మామూలు మైక్రోస్కోపులో కనిపించదు, కణాలు పెరిగే ద్రవం (మీడియం) కూడా మసకబారదు. కానీ కణాల జీవక్రియను మార్చేసి నెలల ఫలితాలను పాడుచేస్తుంది. ఎస్టీఆర్ అనే డీఎన్‌ఏ గుర్తింపు పరీక్షతో అవి చెప్పిన కణాలేనా అన్నదీ తేల్చుకోండి. కణాలను గడ్డకట్టించేటప్పుడు 10 శాతం డీఎంఎస్ఓ (మంచు నుంచి కణాలను కాపాడే ద్రావకం) కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచాలి. కరిగించేటప్పుడు మాత్రం 37 డిగ్రీల దగ్గర చకచకా కానివ్వాలి. నెమ్మదిస్తే కణాలు చస్తాయి. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ కిట్ల వ్యర్థాల్లో గ్వానిడిన్ అనే రసాయనం ఉంటుంది, అందులో బ్లీచ్ పోస్తే విషవాయువు వస్తుంది. లిక్విడ్ నైట్రోజన్‌తో పాటు మీరు లిఫ్టులో ఎక్కవద్దు.

కణాల శక్తి అణువైన ఏటీపీ ఎంత విచ్ఛిన్నమైందో, దాన్నుంచి విడుదలైన ఫాస్ఫేట్‌ను బట్టి కొలిచే పద్ధతుల్లో, మన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చిన మాలిబ్డేట్ రంగు పద్ధతి వారసత్వం ఇంకా కనిపిస్తుంది. ఏటీపీ వేయని ఖాళీ నమూనాలోనూ రంగు ముదురుగా వస్తుంటే ముందు బఫర్ చూడండి. పీబీఎస్ అనే బఫర్‌లో ఉన్నదే ఫాస్ఫేట్, దాని బదులు ఫాస్ఫేట్ లేని ట్రిస్ గానీ హెపెస్ గానీ వాడండి. సబ్బుతో కడిగిన గాజులోనూ అది మిగులుతుంది, కొత్త ప్లాస్టిక్ గొట్టాలు మేలు. ఒకే డిష్‌లోంచి మూడుసార్లు కొలిస్తే మూడు ప్రయోగాలు కావు, ఒకటే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరుగా పెంచిన కణాలతో చేసినవే లెక్కలోకి వస్తాయి. ట్రాన్స్‌ఫర్ పరీక్షలో మొదటి ప్రశ్న దీని మీదే రావచ్చు.