పాత జీపు హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదా? డిస్కు వేయించే ముందు ఇవి చూడండి

యారాడ కొండ దారి, సింహాచలం ఘాట్, అనంతగిరి మీదుగా అరకు వెళ్లే రోడ్డు. విశాఖలో పాత ఫోర్ బై ఫోర్ ఉన్నవాళ్లు ఎటు బయల్దేరినా ఏదో ఒక వాలులో బండి ఆపక తప్పదు. హ్యాండ్‌బ్రేక్ మీద నమ్మకం లేక గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి, అయినా టెన్షన్‌గా వెనక్కి చూసుకుంటూ టిఫిన్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. విసిగిపోయి "డిస్కు బ్రేకు వేయించేద్దాం" అనుకోవడం సహజం. కానీ బిగించిన బలం ఎక్కడ పోతోందో తెలుసుకోకుండా పార్టు మారిస్తే కొత్తదానికీ అదే జబ్బు పట్టుకుంటుంది.

ముందు మీ బండిలో హ్యాండ్‌బ్రేక్ ఎక్కడ పనిచేస్తోందో చూడండి. కేబుల్ వెనక చక్రాల దాకా వెళ్తే అది మామూలు రకం. విల్లీస్ సీజే-3బీ, పాత ల్యాండ్ రోవర్ లాంటి వాటిలో అలా ఉండదు. ముందు వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె (ట్రాన్స్‌ఫర్ కేసు) వెనక, వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మొదలయ్యే చోట ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది చక్రాన్ని కాదు, ఆ షాఫ్టుని. సీజే-3బీ యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి డ్రమ్ము దగ్గర పట్టిన పట్టు చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే డ్రమ్ము చిన్నదే అయినా, బాగున్నంతకాలం ఆ బ్రేకు చాలా గట్టిది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రకం గురించే.

బండి కిందికి దూరే ముందు చదును నేల మీద నిలిపి, ముందు వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి వెళ్లొద్దు.

లివరు పైదాకా వచ్చేస్తోంది, పట్టు మాత్రం లేదు

డ్రమ్ముని లోపలి నుంచి పట్టే షూల మీది రాపిడి పొర (లైనింగు) అరిగి ఉండాలి, లేదా కేబుల్ సాగి ఉండాలి. ఎక్కువమంది కేబుల్ నట్టు బిగించి వదిలేస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. అరిగిన షూని కేబుల్‌తో సర్దితే డ్రమ్ము దగ్గరున్న చిన్న లివరు ముందే సగం దూరం తిరిగిపోయి ఉంటుంది. ఇక మీరు ఎంత లాగినా ఆ కోణంలో దానికి బలం రాదు.

వరస మార్చి చేయండి. మొదట కేబుల్‌ని పూర్తిగా వదులు చేయాలి. షాఫ్టు చేత్తో తిరగాలి కాబట్టి, వెనక యాక్సిల్‌ని రెండువైపులా స్టాండ్ల మీద నిలిపి గేరు న్యూట్రల్‌లో పెట్టండి. డ్రమ్ము దగ్గరి అడ్జస్టరుతో షూలను డ్రమ్ముకి ఆనేదాకా తెచ్చి, షాఫ్టు రాపిడి లేకుండా తిరిగేంతవరకు కాస్త వెనక్కి తీయాలి. ఆ తర్వాతే కేబుల్ వదులు తీయాలి. అడ్జస్టరు చివరిదాకా వెళ్లినా షూ ఆనకపోతే లైనింగు అయిపోయిందని అర్థం.

లివరు గట్టిగా ఉంది, అయినా బండి జారుతోంది

అందరినీ తికమక పెట్టేది ఇదే. చేతికి గట్టిగా తగులుతోంది కాబట్టి కేబుల్ బాగుందనుకుంటాం. లోపల ఒకరు లివరు లాగుతుంటే, కింద ఒకరు డ్రమ్ము దగ్గరి చిన్న లివరుని చూడాలి. అది కదలకపోతే కేబుల్ తొడుగులోనే బిగుసుకుపోయింది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఇది మామూలే. తొడుగు పైన బాగానే కనిపిస్తుంది, లోపల తీగ తుప్పుతో ఉబ్బి ఉంటుంది. నూనె పోసి ఆడిస్తే ఒక వారం నడుస్తుంది గానీ అలాంటి కేబుల్‌ని మార్చేయడమే మంచిది. కొత్తది బిగించేటప్పుడు వంపులు వీలైనంత తక్కువగా ఉండేలా, సైలెన్సర్ గొట్టానికి దూరంగా ఉండేలా చూడండి.

చిన్న లివరు బాగా కదులుతోంది, బండి మాత్రం జారుతోంది అంటే డ్రమ్ము విప్పాల్సిందే. విప్పగానే ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి. ఇప్పుడు షూని వేలితో తాకండి. జిడ్డుగా, నల్లగా ఉండి గేరాయిల్ ఘాటు వాసన వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక సీలు కారుతోంది. డ్రమ్ము ఆ సీలు పక్కనే ఉండడం ఈ డిజైన్‌లో ఉన్న అసలు బలహీనత. నూనె తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా లాభం లేదు. వేడెక్కినప్పుడు లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. షూ మార్చాలి, లేదా కొత్త లైనింగు వేయించాలి.

సీలు మార్చినా మళ్లీ కారితే మూడు చోట్ల చూడండి. మొదటిది, సీలు ఆనే యోకు, అంటే షాఫ్టుని బిగించే ఇనుప ముక్క. గోరు అడ్డంగా గీస్తే గాడి తగులుతోందా? తగిలితే ఏ సీలూ నిలవదు. యోకు మార్చాలి, లేదా దాని మీద పలచటి స్టీలు తొడుగు ఎక్కించాలి. రెండోది బ్రీదర్, అంటే కేసు లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం. మట్టితో మూసుకుపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి నూనె సీలు దగ్గర తోసుకొస్తుంది. ఇది పైసా ఖర్చులేని పని, అయినా దాదాపు ఎవరూ చూడరు. మూడోది నూనె మట్టం. ఎక్కువ పోస్తే అదీ కారుతుంది.

నూనె లేకుండా షూ అద్దంలా మెరుస్తుంటే పైపొర గట్టిపడిందని అర్థం. ఆస్‌బెస్టాస్ లేని లైనింగని తెలిస్తే గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది, లేకపోతే రుద్దకుండా షూ మార్చండి. డ్రమ్ములో గీతలు పడితే, కోలగా మారితే ఆటోనగర్‌లో లేత్ మీద టర్నింగ్ చేయించండి. డ్రమ్ముకి అనుమతించిన గరిష్ఠ కొలత దాటితే మాత్రం మార్చడమే.

లాగాక బండి జానెడు జారి, "టక్" మని ఆగుతోంది

ఇది బ్రేకు లోపం కాదు. డ్రమ్ముకీ చక్రానికీ మధ్య యూనివర్సల్ జాయింట్లు, స్ప్లైన్లు, డిఫరెన్షియల్ పళ్లు ఉన్నాయి. వాటి ఖాళీ అంతా కలిసి ఆ కదలిక. కొంచెం ఉండటం మామూలే. బాగా ఎక్కువైతే జాయింట్ క్రాసులు చూపించుకోండి. షాఫ్టు మీద డిస్కు వేసినా ఈ జారుడు ఒక్క అంగుళం కూడా తగ్గదు. బండి ఆపేటప్పుడు ఫుట్ బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఆ తర్వాత కాలు నెమ్మదిగా తీయండి. దెబ్బ పడకుండా బరువు షాఫ్టు మీద కూర్చుంటుంది.

హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది, జాకీ ఎత్తగానే బండి కదిలింది

ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, జాగ్రత్తగా చదవండి. షాఫ్టు ఆగినా, వెనక చక్రాల్లో ఒకటి గాల్లోకి లేవగానే డిఫరెన్షియల్ రెండు చక్రాలనూ ఎదురెదురుగా తిరగనిస్తుంది. అంటే నేల మీదున్న చక్రం దొర్లుతుంది, గాల్లోది వెనక్కి తిరుగుతుంది. బ్రేకు ఎంత గట్టిదైనా ఇది ఆగదు. స్టెప్నీ మార్చే ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి, ఫోర్ వీల్ వేయాలి. ముందు చక్రాలకు ఫ్రీ వీల్ హబ్బులుంటే (చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసేవి) వాటిని లాక్ చేయాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసినా ఫలితం ఉండదు.

ఇక చిన్నవి. గతుకు తగిలితే లివరు తనంతట తానే దిగిపోతుంటే దాన్ని లాగిన చోట నిలిపే ర్యాచెట్ పళ్లు అరిగాయి. వెల్డింగ్ పెట్టించొద్దు, మార్చండి. వదిలినా డ్రమ్ము వేడెక్కుతుంటే రిటర్న్ స్ప్రింగ్ గానీ, తుప్పు పట్టిన కేబుల్ గానీ కారణం. వానాకాలంలో వారాల తరబడి కదపకుండా ఉంచితే షూ డ్రమ్ముకి అతుక్కుంటుంది. అలాంటప్పుడు గేరులో పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, హ్యాండ్‌బ్రేక్ వదిలి ఉంచండి.

ఇవన్నీ చేశాక కూడా డిస్కు కావాలంటే

డ్రమ్ము స్థానంలో షాఫ్టు మీద డిస్కు, దాన్ని రెండువైపులా నొక్కే, కేబుల్‌తో నడిచే మెకానికల్ క్యాలిపర్ వేయించుకోవచ్చు. ఇసుకలో, వాగుల్లో తిరిగే బండికి ఇది బాగుంటుంది, డ్రమ్ములోలా లోపల బురద నిలవదు. నష్టం కూడా ఉంది. తిరిగే దిశలో డ్రమ్ము షూ తనను తాను లోపలికి లాక్కుంటుంది. డిస్కుకి ఆ సాయం ఉండదు, బలమంతా మీ చేతి నుంచే రావాలి. పాత లివరు లాగే దూరం కొత్త క్యాలిపర్‌కి సరిపోతుందో లేదో ముందే కొలవండి. బ్రాకెట్ పలచగా ఉండి వంగితే లాగిన దూరంలో సగం అక్కడే పోతుంది.

బీచ్ రోడ్డు చుట్టుపక్కల బండి పెట్టేవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. చక్రం డిస్కు మీద తుప్పు పడితే ఫుట్ బ్రేకు తొక్కినప్పుడల్లా తుడుచుకుపోతుంది. షాఫ్టు డిస్కు ఆగిన బండిలోనే పనిచేస్తుంది కాబట్టి దాని తుప్పు తుడిచేవాళ్లు లేరు. నెలకోసారైనా ఖాళీ స్థలంలో నడక వేగంతో పోతూ లివరు కొద్దిగా లాగాలి. వేగంగా పోతున్నప్పుడు మాత్రం ఎప్పుడూ లాగొద్దు, దెబ్బ నేరుగా జాయింట్ల మీద పడుతుంది. నన్నడిగితే, సముద్రం పక్క బండికి కొత్త సీలు, కొత్త కేబుల్, టర్నింగ్ చేసిన డ్రమ్మే మేలు.

వెనక యాక్సిల్‌కే డిస్కులు వేయిస్తే, హ్యాండ్‌బ్రేక్ ఏర్పాటున్న క్యాలిపర్లే తీసుకోండి. ఘాట్ దిగి వేడి మీద ఆపిన డిస్కు చల్లారి కుంచించుకుంటే పట్టు సడలుతుంది. కాబట్టి కాసేపయ్యాక మళ్లీ ఒకసారి లాగండి. బ్రేకు ఆయిల్ ఒత్తిడిని బిగబట్టే లైన్ లాక్‌ని పార్కింగుకి నమ్మొద్దు, ఒత్తిడి నెమ్మదిగా దిగిపోతుంది. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989 ప్రకారం పార్కింగ్ బ్రేకు, ఫుట్ బ్రేకు వేర్వేరుగా ఉండాలి. 15 ఏళ్లు దాటిన సొంత బండి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లేటప్పుడు ఫిట్‌నెస్ చూస్తారు, మార్పులు చేయించే ముందే ఆర్‌టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

పని అయ్యాక ట్రాఫిక్ లేని వాలులో పరీక్షించండి. ముఖం పైకి పెట్టి ఒకసారి, కిందికి పెట్టి ఒకసారి. మామూలుగా ఎక్కించే బరువు బండిలో ఉండాలి, ఫుట్ బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉండాలి. ఒకవైపే పడుతుంటే షూల అమరిక మళ్లీ చూడాలి. కొత్త కేబుల్ మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి రెండు మూడు వారాల తర్వాత ఇంకోసారి సర్దించండి, అప్పుడు కూడా ముందు అడ్జస్టరు, తర్వాతే కేబుల్.