బొమ్మను కింది నుంచి చదవండి

పాత మహాచిత్రకారుల సన్నాహక రేఖాచిత్రంలో ఏ గ్రీకు పురాణకథ ఉందో పోల్చుకోవాలంటే, పైనున్న నాయకుడికంటే ముందు అడుగున ఉన్న బొమ్మలను చూడండి. మికెలాంజెలో 1533లో గీసిన ‘ఫేథన్ పతనం’లో (తండ్రి సూర్యుడి రథం తోలబోయి కూలిన కుర్రాడి కథ ఇది) తలకిందులుగా కూలే గుర్రాలు ఎవరి రథానివైనా కావచ్చు. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న ప్రతిలో కింద ఒరిగి కూర్చున్న నదీదేవుడు ఎరిడనస్, హంసగా మారిన ఫేథన్ బంధువు సిగ్నస్, విలపించే ఫేథన్ అక్కచెల్లెళ్లు ఒకేచోట కనిపించడం వల్లనే అది రోమన్ కవి ఓవిడ్ చెప్పిన సూర్యపుత్రుడి కథ అని తేలుతుంది. లండన్, వెనిస్‌లలోని తక్కిన రెండు ప్రతులనూ దాని పక్కన పెట్టుకుంటే, చిత్రకారుడు కూర్పును ఎలా మార్చుకుంటూ పోయాడో బోధపడుతుంది. కాగితంపై రాతలనూ వదలకండి: ఈ చిత్తుబొమ్మ నచ్చకపోతే తన సేవకుడు ఉర్బినోతో చెప్పమని లండన్ ప్రతిపై ఆయన తన మిత్రుడైన రోమ్ యువ కులీనుడు తొమ్మాసో కవలియేరికి రాశాడు, నాకైతే గుర్రాలకన్నా ఆ వినయమే ముచ్చటేస్తుంది.