పాత ఇల్లు కొంటున్నారా? గజం రేటు దగ్గరే ఆగిపోకుండా ఇంటిని ఎలా చూడాలి?

హన్మకొండలో ఏ బ్రోకర్‌ని అడిగినా పాత ఇంటి గురించి ఒకటే మాట: "గజం ఇంత సార్, ఇల్లు ఊరికే వస్తది." మా తమ్ముడి కోసం సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం, శివనగర్ గల్లీలు తిరిగినప్పుడు ఈ మాట కనీసం పదిసార్లు విన్నాను. తిరిగాక తెలిసిందేమిటంటే, ఊరికే అన్న ఆ ఇల్లు ఇంకో ఇరవై ఏళ్లు నీడనైనా ఇస్తుంది, లేదంటే కూల్చడానికి మళ్లీ మన జేబులోంచే పెట్టిస్తుంది. మీరు చూడబోయేది ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవాలి. దానికి ఒక్కసారి వెళ్లొస్తే సరిపోదు, కనీసం మూడుసార్లు వెళ్లాలి.

మొదటిసారి: ఇంట్లోకి పోకుండా గల్లీ చూడండి

వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లండి. మోరి ఎటు పారుతోంది, రోడ్డు ఇంటి గడప కంటే ఎత్తుందా, పల్లమా అన్నది కళ్లతో చూడాలి. పాత కాలనీల్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు. ఒకప్పుడు రెండు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లిన చోట ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. అలాంటి ఇంటికి బేస్మెంట్ ఎత్తు పెంచడం అంత తేలిక కాదు, పెద్ద వాన వచ్చిన ప్రతిసారీ టెన్షనే.

ఆగస్టు 2020లో, మళ్లీ జూలై 2023లో ఓరుగల్లు కాలనీలు మునిగాయి. 2023లో పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. అమ్మేవాళ్లను "మీ ఇంటికి నీళ్లొచ్చాయా?" అని అడిగితే "అబ్బే, మా గల్లీకి రాలేదు" అనే అంటారు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దమ్మను అడగండి. నాలాకు దగ్గర్లో ఒక ఇల్లు మాకు బాగా నచ్చింది. కొత్త రంగులు, శుభ్రమైన షాబాద్ బండలు. పక్కింటి అవ్వ మాత్రం మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించింది: "గీ దాక వచ్చినయ్ బిడ్డా, బియ్యం డబ్బా తేలింది." మళ్లీ లోపలికెళ్లి వంటగది గట్టు కింద టార్చి వేసి చూశాను. రంగు వేసినవాడు అంత కిందికి వంగలేదు. సరిగ్గా అవ్వ చూపించిన ఎత్తులోనే గోడ మీద సన్నటి మట్టి గీత.

ఆ గల్లీలోనే నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయో, బోర్లు ఎండాకాలం ఏమవుతాయో అడగండి. గుట్టలున్న చోట కింద రాయి తగులుతుంది, పక్కింటి బోరులో నీళ్లున్నాయని మీ బోరులోనూ ఉంటాయనుకోవద్దు.

రెండోసారి: మేస్త్రీతో, పొడుగాటి కర్రతో

మేస్త్రీకి రోజు కూలీ ఇచ్చయినా వెంట తీసుకెళ్లండి. బ్రోకర్ తెచ్చే మేస్త్రీ వద్దు.

ముందు స్లాబు. కర్రతో కప్పు మీద అక్కడక్కడా తట్టండి. గట్టి చోట టక్కుమంటుంది, లోపల బోలుగా ఉన్న చోట డొల్ల చప్పుడు వస్తుంది. అంటే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి ఉండొచ్చు, పెచ్చులు ఊడటానికి సిద్ధంగా ఉంది. బాత్రూం పైన, సజ్జల కింద, పైన నీళ్ల ట్యాంకు ఉన్న చోట తప్పకుండా తట్టాలి. ఒకచోట పెచ్చు ఊడితే బాగు చేసుకోవచ్చు. ప్రతి అర్రలోనూ డొల్ల చప్పుడు వస్తే ఆ స్లాబు పనైపోయినట్టే, దాని విలువ సున్నా అనుకుని లెక్క వేయండి.

తర్వాత గోడలు. ప్లాస్టర్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్లకు భయపడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన బీట, అందులో రూపాయి బిళ్ల దూరేంత సందు ఉంటే మాత్రం పునాది కదిలిందేమో అనుమానించాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి అక్కడ ఇలాంటి బీటలు ఎక్కువ. బీరువా వెనక, దేవుడి గది మూల, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా చేత్తో తడమండి. తెల్లటి ఉప్పు పొడి చేతికి అంటితే కింది నుంచి నెమ్ము ఎక్కుతోందని అర్థం. ఎన్ని రంగులు వేసినా అది మళ్లీ బయటికొస్తుంది.

పాత టేకు దర్వాజలుంటే స్క్రూడ్రైవర్‌తో కింది మూలలో పొడిచి చూడండి. చెదలు తిన్నది మెత్తగా దిగిపోతుంది. గట్టిగా ఉంటే, ఇల్లు కూల్చినా ఆ కలపకు మంచి ధర వస్తుంది. పెంకుటిల్లయితే కోతుల సంగతి అడగండి. నవ్వులాట కాదు, మన దగ్గర ఏటా పెంకులు మార్పించే ఖర్చుకు కారణం వానకంటే కోతులే. కరెంటు వైర్లు పాత అల్యూమినియంవైతే మొత్తం మార్చాల్సిందే, ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూడండి.

ఇక బ్రోకర్లకు ఇష్టమైన మాట: "పైన ఇంకో ఫ్లోర్ వేస్కోవచ్చు." వేసుకోవచ్చా అన్నది పిల్లర్లు చెప్పాలి. చాలా పాత ఇళ్లకు పిల్లర్లు ఉండవు, బరువంతా గోడలదే. మట్టితోనో డంగు సున్నంతోనో కట్టిన గోడల మీద ఇంకో అంతస్తు లేపితే కిందిది కూడా పోతుంది. పిట్టగోడ మీద నిలబెట్టి ఉన్న ఇనుప చువ్వలు చూసి మోసపోకండి, వాటి కింద పిల్లర్ ఉందో, ఉత్త గోడే ఉందో ఇంజినీర్‌తో చూపించాలి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిదో కాగితంలో ఉండాలి.

కాగితాలు

ఇక్కడ వకీలును పెట్టుకోండి, నేను చెప్పేది ఆయన దగ్గరికి వెళ్లేముందు మీరు చూసుకోవాల్సినవి. ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఇల్లు ఒకరి నుంచి ఒకరికి మారిన పాత దస్తావేజుల వరసలో, ఒక్కటి తెగినా ఆగండి. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం), నోటరీ కాగితం మీద చేతులు మారిన ఇళ్లు పాత బస్తీల్లో బోలెడు, ధర తక్కువగా ఉండటానికి అదే కారణం కావచ్చు. తండ్రి పేరున్న ఇంటిని ఒక్క కొడుకు అమ్ముతుంటే, అక్కచెల్లెళ్ల సంతకాల గురించి మొహమాటం లేకుండా అడగండి.

చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు చూసుకోవాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ (ఆ హద్దు దాటాక కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) ఉంటుంది. ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కలైతే ఇంకో చిక్కు ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి కావాలి. అక్కడ పాత ఇల్లు కొని కూల్చేశారంటే ఉన్నదీ పోతుంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ గల్లీని ఎన్ని అడుగుల రోడ్డుగా చూపించారో కూడా కనుక్కోండి. రేపు వెడల్పు చేస్తే ముందర్ర పోతుంది.

ధర ఇలా కట్టండి

గజం రేటు కోసం ఒక్కరిని కాదు, ఆ గల్లీలో ఈ మధ్య అమ్మినవాళ్లనూ కొన్నవాళ్లనూ అడగండి. ఉదాహరణకు 180 గజాలు, గజం 25,000 అనుకుందాం. స్థలం 45 లక్షలు. కట్టడం 900 చదరపు అడుగులు, ఇప్పుడు కడితే అడుగుకు 1,800 అవుతుందనుకుంటే 16.2 లక్షలు. ఇటుక గోడల ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు, చివర్లో పది శాతం విలువ మిగులుతుందని పెట్టుకుంటే, 30 ఏళ్ల ఇంటికి 45 శాతం తరుగు. మిగిలేది దాదాపు 8.9 లక్షలు. మేస్త్రీ చెప్పిన రిపేర్లు 3 లక్షలైతే అవి తీసేయండి. మొత్తం దాదాపు 51 లక్షలు. స్లాబు పోయిందని తేలితే 8.9 లక్షలూ వదిలేసి, కూల్చివేత ఖర్చు కూడా 45 లక్షల్లోంచి తగ్గించండి. ఒకే గల్లీలో ఒకే కొలతల రెండు ఇళ్లకు ఇంత తేడా వస్తుంది. బ్రోకర్ మాత్రం రెండిటికీ ఒకటే గజం రేటు చెబుతాడు.

దీని మీద రిజిస్ట్రేషన్ ఖర్చులు దాదాపు ఏడున్నర శాతం అవుతాయి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫు ఆదాయపు పన్ను) కొనేవాళ్లే వాళ్లకిచ్చే డబ్బులోంచి పట్టుకుని కట్టాలి. లోను తీసుకునేవాళ్లు ఇంటి వయసు బ్యాంకుకు ముందే చెప్పండి. బయానా (అడ్వాన్సు) ఇచ్చాక "మిగిలిన ఆయుష్షు సరిపోదు" అంటే ఇరుక్కుంటారు.

మూడోసారి బేరానికి వెళ్లేటప్పుడు మేస్త్రీ రాసిచ్చిన రిపేర్ల చీటీ వెంట తీసుకెళ్లండి. "ఇల్లు పాతదయింది కదా" అంటే ఇంటాయన కోపం తెచ్చుకుంటాడు. చీటీ చూపించి "బాత్రూం స్లాబుకు ఇంత, వైరింగ్‌కు ఇంత" అంటే కూర్చుని మాట్లాడతాడు. బయానా కాగితంలో కిరాయిదారు ఏ తేదీకి ఖాళీ చేస్తాడో, ఇంటి పన్ను, నల్లా, కరెంటు బకాయిలు ఎవరు కడతారో రాయించండి. అన్ని లింకు డాక్యుమెంట్ల ఒరిజినళ్లు కళ్లారా చూశాకే డబ్బులు లెక్కపెట్టండి.