చుక్కలు కలిస్తే సరిపోదు: డిగ్రీ వీల్‌తో క్యామ్ టైమింగ్ చూసి సెట్ చేయడం

పిస్టన్లతో తిరిగే ఇరుసు క్రాంక్, వాల్వ్‌లను తెరిచే ఇరుసు క్యామ్, ఆ రెండూ సరిగ్గా కలిసి తిరిగేలా పెట్టడమే క్యామ్ టైమింగ్. క్రాంక్ గేరు మీది చుక్కను, క్యామ్ గేరు మీది చుక్కను ఎదురెదురుగా పెట్టి, చైన్ ఎక్కించి, కవర్ బిగించేస్తే టైమింగ్ అయిపోయినట్టే అనుకుంటారు. ఆ చుక్కలు చెప్పేది ఒక్కటే, పన్ను తప్పలేదని. క్రాంక్ గేరుకు 21 పళ్లుంటే ఒక పన్ను తేడా అంటే క్రాంక్ మీద 17 డిగ్రీలు. అంత పెద్ద తప్పు చుక్కలకు దొరుకుతుంది. 3, 4 డిగ్రీల తప్పు దొరకదు. గేరును క్రాంక్‌కు పట్టి ఉంచే కీ గాడిలో కాస్త, క్యామ్ గేరు పిన్ను (డోవెల్) రంధ్రంలో కాస్త, వాల్వ్‌ను ఎత్తే క్యామ్ ఉబ్బు (లోబ్) గ్రైండింగ్‌లో కాస్త తేడా ఉండి, అన్నీ ఒకే వైపు పడితే తప్పు అంతవరకూ వెళ్తుంది. ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్లో, అంటే క్యామ్ హెడ్‌లోనే ఉండేదానిలో, హెడ్ ఫేసింగ్ (అడుగు గీయించి సమం చేయడం) చేయించినా ఇంతే. క్యామ్ క్రాంక్‌కు దగ్గరై, మిగిలిన వదులును టెన్షనర్ లాగేసుకుంటుంది. దాంతో క్యామ్ వెనకబడుతుంది.

కావాల్సినవి డిగ్రీ వీల్ (క్రాంక్ చివర బిగించే, డిగ్రీల గీతలున్న చక్రం), అయస్కాంతం స్టాండుతో డయల్ గేజ్, పిస్టన్ స్టాప్, వీల్ మీద రీడింగ్ చూపేలా బ్లాకుకు బిగించే గట్టి తీగ ముల్లు, క్యామ్‌తో వచ్చిన స్పెసిఫికేషన్ కార్డు. వీల్ ఎంత పెద్దదైతే అంత మంచిది. 20 సెంటీమీటర్ల వీల్ మీద ఒక డిగ్రీ అంటే 1.75 మిల్లీమీటర్లు, 40 సెంటీమీటర్ల దాని మీద 3.5. ముల్లు కొన వీల్‌కు దాదాపు తాకుతూ ఉండాలి. ఎడంగా ఉంటే తల కొంచెం పక్కకు జరిపినా రీడింగ్ మారిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు ఉంటే తీసేయండి, క్రాంక్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది.

అసలు పని టిడిసి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు, పట్టుకోవడం. ఇక్కడ డిగ్రీ తప్పితే ఆ తర్వాత తీసే ప్రతి రీడింగూ డిగ్రీ తప్పుతుంది. పిస్టన్ పైకి చేరాక క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరుగుతున్నా దాదాపు కదలదు, కాబట్టి కంటితో చూసి ‘ఇదే టాప్’ అనకండి. ఒకటో సిలిండర్ మీద అడ్డంగా పట్టీ బిగించి, దాని మధ్యలోని బోల్టు పిస్టన్‌ను టాప్‌కు కాస్త ముందే ఆపేలా పెట్టండి. హెడ్ బిగించి ఉంటే ప్లగ్ రంధ్రంలోకి ఎక్కే స్టాప్ వాడండి. స్టాప్ ఉన్నంతసేపూ చేత్తోనే, నెమ్మదిగా తిప్పాలి, స్టార్టర్ జోలికి వెళ్లకూడదు. ఒక వైపు తిప్పి పిస్టన్ ఆగిన చోట రీడింగ్ రాసుకోండి, తర్వాత రెండో వైపు తిప్పి ఇంకోటి. టిడిసికి ముందు 28, తర్వాత 34 వచ్చాయనుకుందాం. రెండూ కలిపితే 62, సగం 31. పిస్టన్‌ను స్టాప్‌కు ఆనించి ఉంచి, ముల్లు 31 చూపేలా వీల్‌నో ముల్లునో జరపండి. మళ్లీ రెండు వైపులా తిప్పితే రెండు చోట్లా 31 రావాలి. వచ్చిందంటే వీల్ మీది సున్నా నిజమైన టిడిసి. స్టాప్ తీసేయండి. ఇక్కడి నుంచి ముల్లుకు చెయ్యి తగలనివ్వకండి.

ఇప్పుడు ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ లిఫ్టర్ (లోబ్ మీద ఆని పైకి లేచే ముక్క) మీద డయల్ గేజ్ పెట్టండి. గేజ్ కడ్డీ లిఫ్టర్ కదిలే దారిలోనే నిలబడాలి. ఏటవాలుగా ఉంటే లిఫ్ట్, అంటే లిఫ్టర్ లేచిన ఎత్తు, తప్పు చూపిస్తుంది. హైడ్రాలిక్ లిఫ్టర్‌లో ప్లంజర్ కుంగిపోతుంది కాబట్టి కొలిచేంతవరకు సాలిడ్ లిఫ్టర్ వాడండి. రోలర్ క్యామ్‌కు రోలర్ లిఫ్టరే పెట్టాలి, ఫ్లాట్ లిఫ్టర్ పెడితే అంకెలు కార్డుతో కలవవు.

క్రాంక్‌ను ఇంజిన్ నడిచే దిక్కులోనే తిప్పుతూ పూర్తి లిఫ్ట్ దగ్గర గేజ్ సున్నా చేయండి. క్రాంక్‌ను ఇంకో రెండు రౌండ్ల దాకా తిప్పుకొచ్చి, పూర్తి లిఫ్ట్‌కు 0.050 అంగుళాలు, అంటే 1.27 మిల్లీమీటర్లు ముందు ఆపి డిగ్రీలు రాసుకోండి. దాటించి, అంతే కిందికి దిగాక మళ్లీ రాసుకోండి. టిడిసి తర్వాత 73, 143 వస్తే, రెండూ కలిపి సగం చేస్తే 108. అదే ఇన్‌టేక్ సెంటర్‌లైన్, అంటే ఇన్‌టేక్ లోబ్ నడిమి. ఆపాల్సిన చోటు దాటిపోతే కొంచెం వెనక్కి లాగి సరిపెట్టకండి, చైన్ వదులు రెండో వైపు చేరి రీడింగ్ తప్పిపోతుంది. పావు రౌండు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రండి.

లోబ్ రెండు వైపులా ఒకేలా ఉంటేనే ఈ లెక్క నిఖార్సుగా నిలుస్తుంది. ఎక్కే వైపు ఒకలా, దిగే వైపు ఒకలా ఉండే లోబ్‌లు చాలా ఉన్నాయి. అందుకే లిఫ్టర్ అడుగున ఉండగా గేజ్ సున్నా చేసి, 0.050 లిఫ్ట్ దగ్గర తెరుచుకునే, మూసుకునే డిగ్రీలు కూడా చూడండి. టిడిసికి 4 డిగ్రీల ముందు తెరుచుకుని, బిడిసి (పిస్టన్ పూర్తిగా కిందికి చేరే చోటు) తర్వాత 40కి మూసుకుంటే డ్యూరేషన్, అంటే తెరిచి ఉండే డిగ్రీలు, 4, 180, 40 కలిపి 224. అందులో సగం 112 నుంచి 4 తీస్తే 108. డ్యూరేషన్ కార్డుతో కలవకపోతే గేజ్ సెట్టింగో లిఫ్టరో తప్పు, లేదా క్యామ్ ఆ కార్డుది కాదు. అది తేలేదాకా గేర్లు కదపకండి. డ్యూరేషన్ కలిసి, సెంటర్‌లైన్ రెండు పద్ధతుల్లో వేరుగా వస్తే కార్డులోని 0.050 అంకెలనే పట్టుకోండి.

కార్డులో 106 ఉండి మీకు 108 వచ్చిందంటే క్యామ్ 2 డిగ్రీలు వెనకబడింది. అంకె తగ్గితే అడ్వాన్స్ (క్యామ్ ముందుకు), పెరిగితే రిటార్డ్ (వెనక్కి). అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ వాల్వ్ త్వరగా మూసుకుని తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగుడు పెరుగుతుంది. రిటార్డ్ చేస్తే బలం పై ఆర్‌పీఎమ్‌కు జరుగుతుంది. సరిచేయడానికి ఎక్కువ కీ గాడులున్న క్రాంక్ గేరు, ఆఫ్‌సెట్ కీ, డోవెల్‌కు ఆఫ్‌సెట్ బుష్ ఉంటాయి. ఓవర్‌హెడ్ క్యామ్‌కు పొడవాటి బోల్టు రంధ్రాలున్న ఎడ్జస్టబుల్ గేరు దొరుకుతుంది. క్రాంక్ రెండు తిరిగితే క్యామ్ ఒకటి తిరుగుతుంది కాబట్టి క్యామ్ గేరును 1 డిగ్రీ జరిపితే క్రాంక్ మీద 2 అవుతుంది. ఇది మరిచి రెట్టింపు జరిపేయడం తరచూ జరిగే తప్పు. జరిపాక బోల్టులు చెప్పిన టార్క్‌కు బిగించి మళ్లీ కొలవండి, బిగించేటప్పుడే గేరు కాస్త కదలొచ్చు.

టైమింగ్ జరిపితే వాల్వ్‌కు, పిస్టన్‌కు మధ్య గ్యాప్ కూడా మారుతుంది. అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ వాల్వ్ పిస్టన్‌కు దగ్గరవుతుంది, రిటార్డ్ చేస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. పిస్టన్ మీద మెత్తని మోడలింగ్ క్లే పరిచి, వాల్వ్‌లకు నూనె రాసి, సాలిడ్ లిఫ్టర్లతో, వాడబోయే మందం గాస్కెట్‌తోనే హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు రౌండ్లు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకుండా ఆపేయండి. హెడ్ తీసి, క్లేను బ్లేడుతో నిలువుగా కోసి, అన్నిటికంటే పల్చగా నొక్కుకుపోయిన చోట కొలవండి. సాధారణంగా ఇన్‌టేక్‌కు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 2.5 ఉంచుతారు. అంతకన్నా తక్కువైతే పిస్టన్ మీది వాల్వ్ పాకెట్లు లోతు చేయించి, మళ్లీ క్లేతో చూశాకే హెడ్‌ను చివరిసారి బిగించండి.